రక్తమును విడదీసిన చరిత్ర

రోగికి రక్తము కావలెనని డాక్టరు చీటి వ్రాసి ఇచ్చునప్పుడు నేడు ఆ చీటిలో ‘రక్తము’ అను మాటయే ఉండకపోవచ్చును. ‘ఎఱ్ఱకణములు రెండు సంచులు’ అనియో, ‘ప్లాస్మా నాలుగు సంచులు’ అనియో, డెంగ్యూ జ్వరముల కాలమైనచో ‘ప్లేట్‌లెట్లు’ అనియో ఉండును. చీటి పట్టుకొని పరుగెత్తిన బంధువు, “అయ్యా, మేము రక్తము అడిగితిమి, ఈ పసుపుపచ్చని సంచి ఇచ్చినారేమి?” అని అడుగుట కద్దు. అతని సందేహములో తప్పు లేదు. రక్తము ఎఱ్ఱగా నుండుననియు, ఒకరినుండి తీసి మరియొకరికి ఎక్కింతురనియు మాత్రమే మనలో పెక్కుమంది ఎరుగుదురు. పాలనుండి మీగడను, వెన్నను, మజ్జిగను వేరుచేసినట్లు రక్తమును వేరుచేసి, ఎవరికి ఏ భాగము కొరవడినదో వారికి ఆ భాగమునే ఇచ్చు పద్ధతి వాడుకలోనికి వచ్చి ఇంకను నూరేండ్లు కాలేదు.

ఈ చరిత్రను పరిశీలించినచో రెండు పనులు జంటగా నడచుట కనబడును. ఒకటి, ఒకరి రక్తమును పలు భాగములుగా విడదీయుట. రెండవది, పలువురి రక్తమును ఒకే పాత్రలో కలుపుట. మొదటిదానివలన ఒక దాత ఇచ్చినది ముగ్గురు నలుగురికి ఉపయోగపడసాగెను. రెండవదానివలన అపూర్వమైన మందులు లభించినవి. వేలకొలది ప్రాణములు పోయినది కూడ దానివలననే.

మొదట విడదీయు ఆలోచన ఎవరికిని లేకుండెను. ఎక్కించుటయే పెద్ద గండము. 1667 లో పారిస్ నగరమున జాన్ బాప్టిస్ట్ డెనీ అను వైద్యుడు గొఱ్ఱెపిల్ల రక్తమును ఒక బాలునికి ఎక్కించెను. బాలుడు బ్రతికెను గాని, అట్టి చికిత్స పొందిన వేరొక రోగి మరణింపగా వ్యవహారము న్యాయస్థానమున కెక్కి, తుదకు ఆ ప్రయోగములే నిలిచిపోయినవి. నూటయేబది యేండ్ల తరువాత, 1818 లో, లండనులో జేమ్స్ బ్లండెల్ మనుష్యుని రక్తమును మనుష్యునికే ఎక్కించెను. ప్రసవమున రక్తస్రావమై కన్నులముందే చనిపోవు తల్లులను కాపాడవలెనని ఆయన తపన. ఈ చికిత్స వలన కొందరు బ్రతికిరి, కొందరు చనిపోయిరి. ఎందుకో ఎవరికిని తెలియలేదు. 1901 లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తవర్గములను బయటపెట్టిన తరువాతనే దాని గుట్టు విడిపోయెను.

ఇక మిగిలిన చిక్కు గడ్డకట్టుట. శరీరమునుండి వెలువడిన కొన్ని నిమిషములలోనే రక్తము పేరుకొనిపోవును. కావున దాతను రోగి ప్రక్కనే పరుండబెట్టి, ఒకరి నాళమునుండి మరియొకరి నాళమునకు సరాసరి ఎక్కింపవలసి వచ్చెడిది. 1914 లో బ్రసెల్స్ నగరమున ఆల్బర్ట్ హుస్టిన్, బ్యూనస్ అయిరిస్‌లో లూయీ అగోటి వేరువేరుగా దీనికి ఉపాయము కనుగొనిరి. అది సోడియం సిట్రేటు. నిమ్మపండులోని పులుపునకు కారణమైన సిట్రిక్ ఆమ్లమునుండి వచ్చు లవణమే ఇది. రక్తము గడ్డకట్టుటకు దానిలోని కాల్షియము అవసరము. సిట్రేటు ఆ కాల్షియమును పట్టి ఉంచును. మరుసటి సంవత్సరము న్యూయార్కులో రిచర్డ్ లూయిసన్ నూటికి 0.2 పాళ్ళు కలిపిన చాలునని, ఆ మోతాదు రోగికి హాని చేయదని తేల్చెను. 1916 లో రౌస్, టర్నర్ అను వారు గ్లూకోజును కూడ చేర్చి కణములు మరికొంతకాలము నిలుచునట్లు చేసిరి. మొదటి ప్రపంచ యుద్ధమున, 1917 లో, ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఫ్రాన్సు రణరంగమునకు సమీపమున అట్టి సీసాలను మంచులో పెట్టి నిలువజేసెను. 1937 లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ అట్టి నిలువకు ‘బ్లడ్ బ్యాంకు’ అని పేరు పెట్టెను.

ఆ సీసాలను కదలించక ఉంచినప్పుడు ఒక వింత కనబడెడిది. అడుగున ఎఱ్ఱని మడ్డి, దానిపై పలుచని తెల్లని పొర, ఆ పైన లేతపసుపు రంగుగల ద్రవము! అడుగున చేరినవి ఎఱ్ఱకణములు, తెల్లని పొరలో నుండునవి తెల్లకణములు, ప్లేట్‌లెట్లు, పైనున్నది ప్లాస్మా. ప్రకృతియే విడదీసి చూపిన ఈ మూడు అంతస్తులనుండి మొదట పైదానిని తీసికొనుట రెండవ ప్రపంచ యుద్ధ కాలమున జరిగెను.

ప్లాస్మానే ఏల తీసికొనిరి? గాయపడిన సైనికుని మొదట చంపునది ఎఱ్ఱకణముల కొరత కాదు. రక్తనాళములలో ద్రవము తగ్గిపోవుట వలన, నీరు అడుగంటిన బావిమీద మోటారు తిరిగినట్లు, గుండె వట్టిగా కొట్టుకొనును. నాళములను నింపిన చాలు, రోగికి కొంత వ్యవధి దొరకును. పైగా ఎఱ్ఱకణములు కొద్ది వారములలో పాడగును. ప్లాస్మాను ఎండబెట్టి పొడి చేసినచో చిరకాలము నిలుచును. ఒక సీసాలో పొడి, మరొక సీసాలో శుద్ధజలము. రెండును కలిపిన కొద్ది నిమిషములలో మందు సిద్ధము. ఇంకొక సౌకర్యము కూడ కలదు. వేరువేరు వర్గములవారి ప్లాస్మాలను కలిపినచో ఒకరి ప్లాస్మాలోని ప్రతికూల పదార్థములు మరియొకరి ప్లాస్మా వలన బలహీనపడును. అప్పుడు వర్గము చూడకయే ఎవరికైనను ఇవ్వవచ్చును. గుండ్లు కురియుచున్న చోట ఇంతకంటె కావలసినది ఏమున్నది? కలుపుట అను పని ఇట్లు అవసరమునుండి పుట్టినది.

ఈ కార్యమున చార్లెస్ డ్రూ పేరు మరువరానిది. కొలంబియా విశ్వవిద్యాలయమున రక్తము నిలువపైననే పరిశోధన చేసి 1940 లో పట్టము పొందిన ఈ నల్లజాతి వైద్యుడు, ఆ యేడే బ్రిటనుకు ప్లాస్మా పంపు కార్యక్రమమును నడిపెను. కొద్ది నెలలలో న్యూయార్కున సుమారు 14,500 దానములు సేకరించి, 5,000 లీటర్లకు పైగా ప్లాస్మా సముద్రము దాటించిరి. 1941 లో అమెరికా రెడ్‌క్రాసు సంస్థ ఆయనకే రక్తసేకరణ బాధ్యత నొప్పగించెను. అయితే ఆ కార్యక్రమములో మొదట నల్లవారి రక్తమును తీసికొననేలేదు. 1942 లో తీసికొనసాగిరి గాని విడిగా ఉంచిరి. దీనికి శాస్త్రములో ఏ ఆధారమును లేదని డ్రూ బహిరంగముగనే చెప్పెను. ఎండిన ప్లాస్మా పొడిలో చర్మపు రంగును వెదకిన అధికారుల తెలివిని ఏమనవలెనో! ఆ విభజన 1950 లో ముగిసినది. ఆ సంవత్సరమే డ్రూ కారు ప్రమాదమున మరణించెను.

అదే సమయమున హార్వర్డులో ఎడ్విన్ కోన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ప్లాస్మానే మరల విడదీయ బూనుకొనెను. ప్లాస్మాలో ప్రోటీనులు పెక్కు కలవు. చల్లని ఆల్కహాలు కలుపుచు, దాని పాళ్ళను, ఉష్ణోగ్రతను, ఆమ్లత్వమును, లవణముల మోతాదును కొంచెము కొంచెముగ మార్చినచో ఒక్కొక్క ప్రోటీను ఒక్కొక్క మెట్టున అడుగునకు దిగును. మొదటి మెట్టున ఫైబ్రినోజను, రెండవ మెట్టున గామా గ్లోబ్యులిను, ఐదవ మెట్టున ఆల్బుమిను. ఆల్బుమినుకు నీటిని తనవైపు లాగుకొను గుణము మెండు. 25 గ్రాముల ఆల్బుమిను సుమారు అరలీటరు ప్లాస్మా చేయు పనిని చేయును. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బరుపై బాంబులు పడినప్పుడు కాలిన గాయములవారికి దీనిని వాడి, మంచి ఫలితము పొందిరి. గామా గ్లోబ్యులినులో వ్యాధులను ఎదిరించు ప్రతిరక్షకములు ఉండును. తట్టు అనబడు పొంగు సోకిన యిండ్లలోని పిల్లలకు దానిని ఇచ్చిరి. తరువాత 1968 లో ఇదే జాతి మందు ఒకటి, ‘యాంటీ-డి’ అనునది, ఆర్‌హెచ్ నెగటివ్ తల్లులకు వరమైనది. అంతకు పూర్వము అట్టి తల్లుల రెండవ మూడవ బిడ్డలు తల్లి ప్రతిరక్షకముల వలననే గర్భమునందో, పుట్టిన వెంటనేయో చనిపోవుచుండెడివారు.

ఇంతవరకు విజయగాథ. కాని కడివెడు పాలు విరుగుటకు ఒక్క ఉప్పుకల్లు చాలును. 1942 లో అమెరికా సైన్యమున సుమారు 50,000 మందికి కామెర్లు వచ్చినవి. వారికి పచ్చజ్వరము రాకుండ వేసిన టీకామందులో మానవరక్తపు సీరము కలిపి ఉండెను; ఆ సీరము ఇచ్చినవారిలో కొందరి రక్తమున కామెర్ల వైరసు కలదు. ఎందరి ప్లాస్మానో కలిపి చేసిన పొడి ఎక్కించిన సైనికులలోను కామెర్లు కనబడుచునే ఉండెను. కొరియా యుద్ధము ముగియునప్పటికి సైన్యము ఆ ప్లాస్మాను వదలుకొనవలసి వచ్చెను. ఒక్క ఆల్బుమిను మాత్రము నిందపడలేదు. దానికి కొన్ని లవణములు చేర్చి 60 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 10 గంటలు వేడిచేసినను చెడదని, వైరసు మాత్రము నశించుననియు తేలెను. ఇతర ప్రోటీనులు ఆ వేడికి తట్టుకొనజాలవని అప్పటి నమ్మకము. ఈ నమ్మకము ఖరీదు తరువాత తెలిసినది.

ఇక ఎఱ్ఱకణములను, ప్లేట్‌లెట్లను వేరుచేయుటకు అడ్డువచ్చినది గాజుసీసాయే. సీసా మూత తీసినచో సూక్ష్మజీవులు చొరబడును. గిరగిర త్రిప్పు యంత్రములో పెట్టినచో సీసా పగులును. ప్లేట్‌లెట్లు గాజును అంటుకొని నశించును. 1950 ప్రాంతమున బోస్టనులో కార్ల్ వాల్టర్, విలియం మర్ఫీ అను వైద్యులు ప్లాస్టిక్ సంచిని రూపొందించిరి. ఒక సంచికి గొట్టములతో మరి రెండు మూడు సంచులను ముందే అతికించి ఉంచిన, రక్తము తీసి, త్రిప్పి, పైద్రవమును నొక్కి ప్రక్క సంచిలోనికి పంపవచ్చును. గాలి తగలదు. ఈ చరిత్రలో నోబెల్ బహుమతులు పొందిన పరిశోధనలు కలవు గాని, నా మట్టుకు నాకు ఈ సంచియే అన్నిటికంటె గొప్ప మలుపుగా తోచును.

ఆ సంచి మొదట ఆదుకొనినది లుకీమియా పిల్లలను. ఈ ఘట్టమునకు మన తెలుగుదేశముతో ఒక సంబంధము కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయము తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లలకు ఇచ్చెను. కొందరికి వ్యాధి తాత్కాలికముగా తగ్గినదని ఆయన 1948 లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావు కాలధర్మము చెందెను. అట్టి మందులు వచ్చిన తరువాత పిల్లలకు కోలుకొను ఆశ కలిగినది గాని, కోలుకొనులోపల రక్తస్రావముతో చనిపోవుచుండిరి. వ్యాధియు, మందులును కూడ ఎముకల మూలుగలో ప్లేట్‌లెట్ల తయారీని అణచివేయును. ప్లేట్‌లెట్లు లేనిదే చిన్న గాయమునకైనను మొదటి మూత పడదు. బెథెస్డాలోని జాతీయ కేన్సర్ సంస్థలో ఆ వార్డు తలగడలు, పక్కబట్టలు నిత్యము రక్తసిక్తములై ఉండెడివట. అచట ఎమిల్ ఫ్రైరైక్, ఆయన సహచరులు తాజా ప్లేట్‌లెట్లను ఎక్కించి స్రావమును ఆపిరి. ప్లేట్‌లెట్ల సంఖ్యకును రక్తస్రావమునకును గల సంబంధమును లెక్కలతో 1962 లో ప్రకటించిరి. రక్తసంబంధమైన దేనినైనను మంచులో పెట్టవలెనను అలవాటు ఇచట పనికిరాలేదు. చల్లదనము తగిలిన ప్లేట్‌లెట్లను రోగి శరీరము త్వరగా తొలగించును. 1969 లో స్కాట్ మర్ఫీ, ఫ్రాంక్ గార్డ్‌నర్ అను వారు వీనిని గది ఉష్ణోగ్రతలోనే ఉంచవలెనని చూపిరి. నేటికిని 20 నుండి 24 డిగ్రీల మధ్య, మెల్లగా ఊపుచు, సాధారణముగా 5 దినములు మాత్రమే నిలువచేయుదురు.

డెంగ్యూ కాలమున ఈ సంచులకై జరుగు పరుగులు చూచినవారికి ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆరోగ్యవంతునిలో మైక్రోలీటరుకు లక్షన్నర మొదలు నాలుగు లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉండును. లెక్క 50,000 కు దిగినదని వినగానే బంధువులు కంగారుపడుదురు. కాని రక్తస్రావము లేనిచో 10,000 కు దిగువన పడువరకు ఎక్కింపనవసరము సాధారణముగా ఉండదు. ప్లేట్‌లెట్లు ఎక్కించుట జ్వరమును తగ్గించు చికిత్స కాదు.

ఇప్పుడు హీమోఫీలియా కథ. ఈ వ్యాధిగల మగపిల్లలకు రక్తము గడ్డకట్టుటకు కావలసిన ఎనిమిదవ కారకము పుట్టుకతోనే కొరవడును. మోకాళ్ళలో, మోచేతులలో లోపలనే రక్తము కారి కీళ్ళు బిగిసిపోవును. ప్లాస్మా ఎక్కించినచో ఉపశమనము కలుగును గాని, దానిలో ఆ కారకము బహు స్వల్పము. చాలినంత ఇవ్వవలెనన్న లీటర్లకొలది ఎక్కింపవలెను. అంత ద్రవమును గుండె భరింపజాలదు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జూడిత్ గ్రాహం పూల్ ఒక సంగతి గమనించెను. గడ్డకట్టించిన ప్లాస్మాను చల్లని చోటనే మెల్లగా కరగనిచ్చినచో అడుగున కొద్దిపాటి తెల్లని మడ్డి కరగక మిగులును. ఎనిమిదవ కారకములో అధికభాగము ఆ మడ్డిలోనే ఉన్నది! 1964, 1965 సంవత్సరములలో ఆమె దీనిని ప్రకటించెను. క్రయోప్రెసిపిటేటు అను ఈ పదార్థమును చేయుటకు పెద్ద కర్మాగారము అక్కరలేదు. ఘనీభవింపజేయు పెట్టె, జంటసంచి ఉన్న రక్తనిధి చాలును. ఒక సంచి మడ్డి ఒకే దాతది. కొన్ని సంచులతో పిల్లవాని నొప్పి తగ్గెడిది.

కాని దీనికంటె సుఖమైనది త్వరలో వచ్చెను. కంపెనీలు వేలకొలది దాతల ప్లాస్మాను కలిపి, ఎనిమిదవ కారకమును పొడిచేసి చిన్న సీసాలలో అమ్మసాగెను. రోగి ఇంటనే దాచుకొని తానే సూదిమందు వేసికొనవచ్చును. పిల్లలు బడికి పోయిరి, పెద్దలు ఉద్యోగములు చేసిరి. అది నిజమైన స్వాతంత్ర్యము. దానిని తక్కువ చేయరాదు. అయితే ఆ ప్లాస్మాలో చాలభాగము అమెరికాలో డబ్బిచ్చి కొన్నది, కొంత చెరసాలలలోని ఖైదీలది. లోగడ ఒక రోగి కొద్దిమంది దాతలతోనే సంబంధము కలిగి ఉండగా, ఇప్పుడు ఒక్క చిన్న సీసాతో వేలమంది రక్తము అతని నాళములలో ప్రవేశించెను.

1982 జూలైలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ ముగ్గురు హీమోఫీలియా రోగులలో అరుదైన ఊపిరితిత్తుల జబ్బు కనబడినదని ప్రకటించెను. అది ఎయిడ్సు. రక్తపరీక్ష వాడుకలోనికి వచ్చునప్పటికి 1985 మార్చి. ఆలోపల ఆ దేశమున హీమోఫీలియా రోగులలో సుమారు సగము మందికి వైరసు సోకెను. ఇండియానా రాష్ట్రమున ర్యాన్ వైట్ అను బాలుని ఈ కారణముగా బడికి రానీయలేదు. 1990 లో, 18 వ యేట, అతడు మరణించెను. బ్రిటనులో జరిగిన విచారణ సంఘము 2024 మే నెలలో నివేదిక ఇచ్చెను. కలుషిత రక్తము, రక్తోత్పత్తుల వలన అచట 30,000 కు పైగా జనులకు హెచ్ఐవియో, కామెర్ల వైరసులో సోకినవనియు, సుమారు 3,000 మంది చనిపోయిరనియు, దీనిలో అధికభాగము నివారింపదగినదై ఉండగా నిజమును దాచిరనియు అందు కలదు. కామెర్ల అపాయము 1942 నుండి తెలిసియే ఉన్నది గదా! వేడిచేయుట కారకమునకు సాధ్యము కాదనుకొన్నది 1980 లలో సాధ్యమే అయ్యెను. అంతకుముందు అవసరమని గట్టిగా పట్టుబట్టినవారు తక్కువ.

తరువాత వేడిచేయుట, ద్రావకములతో వైరసు పొరను కరగించుట అను పద్ధతులు స్థిరపడినవి. ప్లాస్మా అవసరమే లేని, జన్యుశాస్త్ర పద్ధతిని చేసిన ఎనిమిదవ కారకము 1992 లో విపణికి వచ్చెను. కాని ఎఱ్ఱకణముల సంచినిగాని, ప్లేట్‌లెట్ల సంచినిగాని అట్లు వేడిచేయ వీలులేదు. అచట రక్షణ అంతయు దాతను ఎన్నుకొనుటలోను, పరీక్షలలోను ఉన్నది. మన దేశమున ఒకప్పుడు కడుపుకూటికై రక్తము అమ్ముకొనువారు ఉండిరి. డబ్బు పోవునను భయముచే తమ జబ్బులను చెప్పెడివారు కారు. తరచుగా అమ్ముకొనుటచే వారి రక్తమే పలుచబడి ఉండెడిది. 1996 లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము 1998 జనవరి 1 నుండి ఆ అమ్మకము నిషేధింపబడినది.

నేడు 350 లేక 450 మిల్లీలీటర్ల దానము పంచబడు తీరు ఇది. ఎఱ్ఱకణములు శీతలయంత్రమున 35 లేక 42 దినములు నిలుచును. రక్తహీనత ముదిరినవారికి, మూడు నాలుగు వారములకొకసారి రక్తము కావలసిన తలసేమియా పిల్లలకు ఇవియే ఆధారము. బలహీనమైన గుండెగలవారికి మొత్తము రక్తము ఎక్కించినచో ద్రవభారము హెచ్చి ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. ఎఱ్ఱకణములు మాత్రమే ఇచ్చుటలో ఆ భారము తగ్గును. ప్లాస్మా గడ్డకట్టించి ఒక సంవత్సరము దాచవచ్చును. కాలేయము చెడి రక్తము గడ్డకట్టని వారికి, విపరీత స్రావమైన వారికి ఉపయోగింతురు. క్రయోప్రెసిపిటేటు నేడు హీమోఫీలియాకంటె, ప్రసవమున అధిక స్రావమై ఫైబ్రినోజను తరిగిన తల్లులకే ఎక్కువగా పనికివచ్చుచున్నది. బ్లండెల్ ఎవరికొరకు పూనుకొనెనో ఆ తల్లులకే!

ఇంకొక వింత. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధములలో, రక్తము ధారగా పోవుచున్న క్షతగాత్రునికి ఎఱ్ఱకణములను, ప్లాస్మాను, ప్లేట్‌లెట్లను సమపాళ్ళలో ఇచ్చుట మేలని సైనిక వైద్యులు గ్రహించిరి. మూడు సంచులుగా విడదీసినదానిని రోగి నాళములో మరల కలుపుట అన్నమాట. అట్లయినచో విడదీయుట ఎందుకని, కొన్ని సైనిక దళములును, కొన్ని నగరముల అత్యవసర వైద్యశాలలును ఇప్పుడు మొత్తము రక్తమునే మరల సంచులలో పెట్టుకొనుచున్నవి.